ముక్కోటి చలిలో తెల్లబడే వేళ్లు

ధనుర్మాసంలో భద్రాచలం దగ్గర గోదావరి మీద కమ్మిన పొగమంచు పొద్దెక్కితేగాని విడదు. ముక్కోటి ఏకాదశికి వచ్చిన భక్తులు చీకటితోనే రేవులో మునుగుతారు. పండగ వెళ్లి మిరప కోతలు మొదలయ్యాక ఖమ్మం పల్లెల్లో ఆడకూలీలు మంచుకు తడిసిన చెట్ల మీద చేయి వేస్తారు. చలికి వేళ్లు కొంకర్లు పోవడం అందరికీ ఉన్నదే. కొందరి సంగతి వేరు. ఇక్కడిదాకా అని గీత గీసినట్టు వేలి కొస సున్నం పూసినంత తెల్లగా మారుతుంది. స్పర్శ తెలియదు. కాసేపటికి నేరేడు పండు రంగుకు తిరుగుతుంది. ఎండ తగిలాక ఎర్రబడి, సూదులతో పొడుస్తున్నట్టు సలుపుతుంది.

ఫ్రాన్స్ వైద్యుడు మారీస్ రేనో 1862లో తన పరిశోధన గ్రంథంలో దీన్ని వివరించాడు. ఆయన పేరు మీదే మన డాక్టర్లు దీన్ని 'రేనాడ్స్' అంటున్నారు. ఒంట్లో వేడి పోకుండా చలికి వేళ్ల రక్తనాళాలు ముడుచుకోవడం సహజం. వీళ్లలో ఆ ముడుచుకోవడం అతిగా జరిగి, వేలికి నెత్తురు అందకుండా పోతుంది.

చిన్న వయసులో మొదలై, రెండు చేతులకూ ఒకేలా వచ్చి, పుండ్లు లేకుండా పోయేదైతే చాలావరకు భయం లేదు. ముప్పై దాటాక కొత్తగా వచ్చినా, వేలి కొసలు పుండ్లు పడుతున్నా జాగ్రత్త పడాలి. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బులకు ఇది తొలి గుర్తు కావచ్చు. చర్మం బిగిసిపోయే స్క్లెరోడెర్మాలో నూటికి తొంభై మందికి పైగా ఈ బాధ ఉంటుంది. చాలామందిలో మిగతా లక్షణాల కంటే ఏళ్ల ముందే కనబడుతుంది. అలాంటి జబ్బే అయిన లూపస్ ఉన్నవాళ్లలోనూ సుమారు మూడోవంతు మందికి వస్తుంది. ఉంగరం బిగుసుకుపోవడం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, ఆయాసం, ముఖం మీద ఎర్రని మచ్చలు, కీళ్ల నొప్పులు వేళ్లు తెల్లబడటానికి తోడైతే ఆలస్యం చేయకూడదు.

తెల్లబడి మొద్దుబారిన వేళ్లు చూసి కుష్టేమోనని హడలిపోయి దాచుకునేవాళ్లూ ఉంటారు. కుష్టులో పోయిన స్పర్శ వేడి తగలగానే తిరిగి రాదు. రేనాడ్స్‌లో వస్తుంది. ఇది అంటుకునేదీ కాదు.

ఖమ్మం గ్రానైటుకు పేరున్న ఊరు. రాయి కోసే, డ్రిల్లింగ్ చేసే యంత్రాల అదురు ఏళ్ల తరబడి తగిలినా వేళ్లు ఇలాగే తెల్లబడతాయి. అమెరికాలో సున్నపురాయి చెక్కే కార్మికుల్లో ఎలిస్ హామిల్టన్ అనే డాక్టరు 1918లోనే ఈ సంగతి చూపించారు. అందుకే చేసే పనేమిటో డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇంట్లో చేసుకోగలిగింది చాలా ఉంది. చేతులకు గ్లవ్స్ వేసుకుంటే చాలనుకుంటారు. ఛాతీ, తల, పాదాలు చల్లబడినా వేళ్ల నాళాలు ముడుచుకుంటాయి. అందుకని స్వెట్టరు, చెవులకు మఫ్లర్, కాళ్లకు మేజోళ్లు ముందు. పాల్వంచ అడవి దారిలో తెల్లవారుజామున బండి మీద వెళ్లడం కన్నా, కిటికీ మూసుకుని బస్సులో వెళ్లడం నయం. తొట్టిలో రాత్రంతా నిలవున్న నీళ్లు కొరికేస్తాయి. అప్పుడే కొట్టిన బోరు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, అంట్లకు అవే మేలు. గోదావరి స్నానం మానమని ఎవరూ అనరు. పొద్దెక్కాక చేస్తే దేవుడు కాదనడు.

వేళ్లు తెల్లబడితే చంకల్లో పెట్టుకోవాలి, లేదా గోరువెచ్చని నీళ్లలో ముంచాలి. చలిమంటకు దగ్గరగా పెట్టకూడదు. స్పర్శ లేని వేలు కాలినా తెలియదు. చుట్ట, బీడీ, ఖైనీ పూర్తిగా మానాలి, నికోటిన్ నాళాలను మరింత బిగిస్తుంది. పార్శ్వపు నొప్పికి, జలుబుకు వాడే కొన్ని మాత్రలూ దీన్ని పెంచుతాయి.

మందుల్లో నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ ముందు వరసలో ఉంటాయి. ఇవి బీపీ మాత్రలే. 'నాకు బీపీ లేదు కదా' అని మానేసేవాళ్లున్నారు. ఇక్కడ ఇస్తున్నది నాళాలు వదులు కావడానికి. తగ్గకపోతే సిల్డెనాఫిల్ వంటివి, పరిస్థితి తీవ్రమైతే ఆసుపత్రిలో సెలైన్‌తో ఎక్కించే ఇలోప్రోస్ట్ ఉన్నాయి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే స్టెరాయిడ్లతో మాత్రం జాగ్రత్త. స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లలో ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ కిడ్నీల మీదికి తెస్తుంది.

ఈ జబ్బుల స్పెషలిస్టును రుమటాలజిస్టు అంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. భద్రాచలం నుంచి మూడొందల కిలోమీటర్లు దాటి వెళ్లాలి. తీరా వెళ్లేసరికి వేళ్లు మామూలు రంగులో ఉంటాయి. కాబట్టి తెల్లబడ్డప్పుడే సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఫొటో, రోగనిరోధక శక్తి ఒంటి మీద తిరగబడిందేమో చూసే ఏఎన్ఏ రక్తపరీక్ష, గోటి మొదట్లోని సన్నని నాళాలను పెద్దవి చేసి చూసే పరీక్ష, ఇవి జబ్బు ఏదో తేల్చడానికి సాయపడతాయి.

వేడి చేసినా రంగు తిరగక నల్లబడుతున్న వేలు, చీము పట్టిన పుండు, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి కనబడితే రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ఆ రోజే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.