ధ్రువజ్యోతికి నక్క తోక ఎలా అంటుకుంది?

రెండింటికీ పొంతనే లేదనాలంటే నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం అంటాం మనం. ఫిన్లాండ్ వాళ్లకు ఆ రెండూ చుట్టాలే. చలికాలపు రాత్రి ఉత్తరాకాశంలో ఆకుపచ్చగా కదలాడే ధ్రువజ్యోతుల్ని వాళ్లు ‘రెవోన్‌తులెత్’ అంటారు. అంటే నక్క మంటలు. మంచు కప్పిన కొండల మీద ఒక నక్క పరుగు తీస్తుంది. దాని కుచ్చుతోక మంచును రాసుకున్న చోటల్లా రవ్వలు లేస్తాయి. అవే పైకెగిరి ఆకాశమంతా పాకుతాయి.

ఇన్ని జంతువులుండగా నక్కే ఎందుకు? నాకు తోచేది ఇది. గడ్డకట్టే చలిలో గాలిలో తేమ ఉండదు. చీకట్లో ఉన్ని స్వెట్టర్ తల మీంచి లాగితే చిటపటమంటూ సన్నని రవ్వలు కనిపిస్తాయి. చలికాలంలో మన ఇళ్లలోనూ ఒక్కోసారి చూసేదే. బొచ్చు రాసుకుంటే నిప్పురవ్వ పుడుతుందని అక్కడివాళ్లకు అనుభవం మీదే తెలుసు. పైగా పరుగెత్తే నక్క వెనకాల పొడిమంచు దుమ్ములా లేచి వెన్నెల్లో మెరుస్తుంది. ధ్రువజ్యోతి కూడా ఒక మూల మొదలై, చూస్తుండగానే రెండో మూలకు పరుగెడుతుంది. ఆ పరుగును ఇంతకన్నా బాగా పట్టిన పోలిక నాకు కనిపించలేదు.

వెలుగు ఒక్కటే అయినప్పుడు కథలు ఇన్ని ఎందుకయ్యాయి? ఎవరి చేతిలో ఏ పని ఉందో ఆకాశంలో వాళ్లకు అదే కనిపించింది. స్వీడన్‌లో దీనికి ‘హెర్రింగ్ మెరుపు’ అన్న పాత పేరుంది. సముద్రంలో హెర్రింగ్ చేపల గుంపు పొర్లితే వాటి పొలుసుల తళుకు పైన పడుతుందని జాలరుల నమ్మకం. గ్రీన్లాండ్ ఇన్యుయిట్ల మాట ‘అర్సార్నెరిత్’. బంతాట ఆడేవాళ్లని అర్థం. ఆడేది చనిపోయినవాళ్ల ఆత్మలు, బంతి వాల్రస్ పుర్రె. మాంసం, తోలు, దంతాలు అన్నీ వాల్రస్ నుంచే తెచ్చుకున్న వేటగాళ్లకు పైలోకపు ఆటవస్తువు ఇంకేముంటుంది? అలాస్కా దగ్గరి నునివాక్ దీవిలో మాత్రం కథ తిరగబడింది. అక్కడ ఆడేవి వాల్రస్ ఆత్మలు, బంతి మనిషి పుర్రె. వేటాడిన జంతువుకు కూడా ఓ లెక్క ఉంటుందని వాళ్లు మరవలేదనిపిస్తుంది. ఈ కథలన్నిటిలో నన్ను వదలనిది ఇదే.

ఈల వేయొద్దని ఎందుకన్నారు? ఇన్యుయిట్లలోనూ, ఉత్తర స్కాండినేవియా సామీల్లోనూ ఈ హెచ్చరిక ఉంది. ఈల వేస్తే ఆ వెలుగులు దగ్గరకొస్తాయని, ఎత్తుకుపోతాయని పిల్లలకు చెప్పేవారు. రాత్రిపూట ఈల వేస్తే పాములొస్తాయని మన పెద్దవాళ్లూ కసురుతారు. అయితే అక్కడి మాట వెనక ఇంకో సంగతి ఉంది. ధ్రువజ్యోతి చప్పుడు చేస్తుందని, సన్నగా చిటపటలాడుతుందని ఆ ప్రాంతాలవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆత్మలే ఈలవేసి పిలుస్తున్నాయని లాబ్రడార్ ఇన్యుయిట్లు అనుకున్నారు. శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. కారణమూ ఉంది. ఆ వెలుగు దాదాపు 100 కిలోమీటర్ల పైన పుడుతుంది. అక్కడ శబ్దాన్ని మోసేంత గాలి లేదు. ఒకవేళ మోసినా కిందికి చేరడానికి సుమారు అయిదు నిమిషాలు పడుతుంది. వెలుగు ఊగినప్పుడే చప్పుడెలా వినిపిస్తుంది? ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఉంటో లైనే అనే పరిశోధకుడు మైకులు పెట్టి ఏళ్ల తరబడి విన్నారు. చప్పుళ్లు దొరికాయి. అవి నేలకు 70 మీటర్ల ఎత్తునే పుడుతున్నాయని 2012లో ప్రకటించారు. ప్రశాంతమైన చలిరాత్రి కిందిగాలి చల్లబడి, పైన వెచ్చని పొర మూతలా నిలుస్తుంది. అక్కడ పేరుకున్న విద్యుదావేశం అయస్కాంత తుపాను వేళ ఒక్కసారిగా విడుదల కావడమే చప్పుడని ఆయన వివరణ.

ఇంతకీ ఆ వెలుగెక్కడిది? 1250 ప్రాంతంలో నార్వేలో ‘రాజదర్పణం’ అనే గ్రంథం వచ్చింది. తండ్రీకొడుకుల సంభాషణగా సాగుతుంది. గ్రీన్లాండ్ వెలుగుల గురించి అందులో మూడు ఊహలున్నాయి: భూమిని చుట్టిన సముద్రం అంచున మంటలు ఉన్నాయేమో, రాత్రి కింద ఉన్న సూర్యుడి కిరణాలు పైకి తాకుతున్నాయేమో, మంచే దాచుకున్న వెలుగును వెదజల్లుతోందేమో. దేవుళ్లనూ దయ్యాలనూ పిలవకుండా కారణం వెతికిన ఆ తండ్రి మీద నాకు గౌరవం. జవాబు సూర్యుడి దగ్గరే ఉంది, కాకపోతే కిరణాల్లో కాదు. సూర్యుడి నుంచి వీచే విద్యుత్ కణాల ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కదిలిస్తుంది. ఆ క్షేత్రం వెంట ఎలక్ట్రాన్లు ధ్రువాల వైపు దూసుకొచ్చి పైగాలిని కొడతాయి. దెబ్బతిన్న ఆక్సిజన్ వెలుగు చిమ్ముతుంది. 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో అది ఆకుపచ్చ. 200 దాటాక ఎరుపు. ఎరుపు చిమ్మడానికి ఆక్సిజన్ పరమాణువుకు దాదాపు రెండు నిమిషాలు తీరిక కావాలి. కింద గాలి దట్టం కాబట్టి ఆలోపే ఇంకో అణువు ఢీకొని ఆ శక్తిని లాగేసుకుంటుంది.

దక్షిణాది దేశాల కథల్లో ఆటలూ నక్కలూ కాక, నిప్పూ నెత్తురూ ఎందుకున్నాయో ఇక్కడే తెలుస్తుంది. దూరం నుంచి ఊరికి వస్తుంటే ముందు గాలిగోపురం శిఖరం కనిపిస్తుంది, ప్రాకారం ఇంకా కనబడదు. ధ్రువజ్యోతీ అంతే. 100 కిలోమీటర్ల ఎత్తున్న ఆకుపచ్చ 1,100 కిలోమీటర్ల దూరం దాటితే భూమి వంపు చాటుకు పోతుంది. 300 కిలోమీటర్ల ఎత్తున్న ఎరుపు దాదాపు 2,000 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. అందుకే రోమ్‌లో తిబేరియస్ చక్రవర్తి కాలంలో ఆకాశం ఎర్రబడితే ఓస్తియా రేవు తగలబడుతోందని సైనికులు పరుగెత్తారని రోమన్ రచయిత సెనెకా రాశాడు. జపాన్ పురాతన చరిత్ర గ్రంథం ‘నిహోన్ షోకి’ 620లో కనిపించిన ఎర్రని గుర్తును ఫెజెంట్ పక్షి తోకతో పోల్చింది. ఇక్కడా తోకే! ఆ పక్షి తోక విప్పినప్పటి విసనకర్ర ఆకారం, దిగువ అక్షాంశాల్లో పరుచుకునే ఎర్రని కాంతి ఆకారం, రెండూ ఒకటే.

2024 మే 10 రాత్రి తెల్లవారేలోపు లద్దాఖ్‌లోని హాన్లేలో ఖగోళ పరిశోధనశాల కెమెరాలకు ఉత్తర దిక్కున, కొండల మీదుగా, ముదురు ఎరుపు చిక్కింది. అక్కడ కనబడిందీ శిఖరమే.