పాత స్టాల్‌కు కొత్త సీసా

స్పెయిన్ ఉత్తరాన ఎబ్రో నది ఒడ్డున హారో అనే చిన్న ఊరుంది. రియోహా వైన్లకు అది పుట్టిల్లు లాంటిది. అక్కడ రైలు దిగి కాస్త నడిస్తే వరసగా వైనరీలే. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను ఎండిపోయేలా చేసింది. సరుకు కోసం బోర్డో వర్తకులు పిరనీస్ పర్వతాలు దాటి ఇటు వచ్చారు. పీపాలు రైలెక్కించడం సులువని పట్టాల పక్కనే గోదాములు కట్టారు. ఆ తొలితరం వైనరీల్లో ఒకటి, 1877లో రఫాయెల్ లోపెస్ దె ఎరేదియా మొదలుపెట్టినది, నేటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది.

రాతిగోడలు, కొయ్య బురుజు ఉన్న ఆ పాత ఆవరణలో ఉక్కుతో చేసిన కట్టడం ఒకటి ఠక్కున కంట పడుతుంది. పక్కనుంచి చూస్తే అచ్చం వైన్ వంచుకునే డికాంటర్. సందర్శకులు రుచి చూసేదీ, సీసాలు కొనుక్కునేదీ అందులోనే. దాని వెనక ఓ పాత కథ ఉంది. 1910 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం వైనరీ వాళ్లు నగిషీ చెక్కిన కొయ్య స్టాల్ ఒకటి చేయించారు. ప్రదర్శన ముగిశాక దాన్ని విడదీసి ఒక మూలన పెట్టారు. దశాబ్దాల తర్వాత ఆ ముక్కలు బయటపడ్డాయి. బాగుచేయించాక, దాన్ని ఎక్కడ నిలబెట్టాలన్న ప్రశ్న వచ్చింది. సంస్థకు 125 ఏళ్లు నిండే సందర్భంగా ఆ పని బాగ్దాద్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ ఆర్కిటెక్ట్ జహా హదీద్‌కు అప్పగించారు. ఆమె రూపం ఇచ్చిన పెవిలియన్ ముందు బార్సిలోనా ఆహార ప్రదర్శనలో కొలువుదీరి, 2006లో హారోలో స్థిరపడింది.

పాత సారా కొత్త సీసాలో అని మనం ఎగతాళిగా అంటాం. ఇక్కడ దాన్నే మనసుపెట్టి చేశారు. కొయ్య స్టాల్ తిన్నని దీర్ఘచతురస్రం. హదీద్ బృందం ఆ ఆకారంతోనే గీత మొదలుపెట్టి, అంచెలంచెలుగా దాన్ని వంచుతూ పోయింది. చివరికి తేలిన రూపానికి డికాంటర్ పోలిక వచ్చింది. బయట మెరిసే ఉక్కు ఎంత హడావుడి చేసినా, లోపల పెద్దపీట మాత్రం 1910 నాటి చెక్కపనికే. గది లోపల మరో గది అన్నమాట.

తాను వెనక్కి తగ్గి అసలు విషయాన్ని ముందుంచడమే రుచి చూసే గదికి ఉండాల్సిన లక్షణం. అక్కడ ఘాటైన పూలు, వార్నిష్ వాసన పనికిరావు. రంగు తెలియాలంటే గ్లాసు వెనక తెల్లటి ఉపరితలం, దాని మీద మంచి వెలుతురు ఉండాలి. ఆఖరికి గ్లాసుకూ లెక్కలున్నాయి. 1977 ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం దాని ఎత్తు 155 మి.మీ., పొట్ట 65, మూతి 46. పోసేది 50 మి.లీ. మాత్రమే. మిగతా ఖాళీలో వాసన కూడుకుంటుంది, సన్నని మూతి దాన్ని చెదరనివ్వదు.

ఆ గ్లాసులోకి వచ్చేదాని పుట్టుక చూడాలంటే నేలమాళిగలోకి దిగాలి. 225 లీటర్ల ఓక్ పీపాలు ఇక్కడి వడ్రంగులే బిగిస్తారు. వైనరీ వాళ్ల తొండోనియా తోట నుంచి వచ్చే రిసర్వా, అంటే ఎక్కువకాలం నిల్వ ఉంచే రెడ్ వైన్, వాటిలో ఆరేళ్లు నిద్రపోతుంది. వైన్ తేటపడటానికి గుడ్డు తెల్లసొన వాడతారు. పాత సీసాలు దాచే అరల నిండా బూజు, సాలెగూళ్లు. ఎవరూ దులపరు! బిరడాలు తొలిచే చిమ్మటలను సాలీళ్లు తినేస్తాయి మరి.

హారో బిల్బావో నుంచి సుమారు 100 కి.మీ., లొగ్రోన్యో నుంచి 45 కి.మీ. లోపే. సెల్లార్లు తిరిగి చూడాలంటే ముందే బుక్ చేసుకోవాలి. జూన్ 29న వెళ్తే ఊరిబయట కొండ దగ్గర జనం ఒకరిపై ఒకరు రెడ్ వైన్ కుమ్మరించుకునే 'వైన్ యుద్ధం' జరుగుతుంది. పారేసినా దిగులులేని పాత తెల్లబట్టలు వేసుకెళ్లండి. భవనాల మీద ఆసక్తి ఉంటే ఇంకో పూట మిగుల్చుకోండి. దగ్గర్లోని ఎల్సియేగోలో ఫ్రాంక్ గేరీ కట్టిన వైనరీ హోటల్, లగ్వార్దియాలో సాంతియాగో కలత్రావా అలల కప్పు వేసిన వైనరీ ఉన్నాయి.