ఆంధ్రపత్రిక పుట్టిల్లు బొంబాయే

సంపాదక మిత్రులు పట్టుబట్టారు గనుక రాస్తున్నాను. బొంబాయిలోని మన సంఘం పుట్టిన నాటి నుంచీ చందా పుస్తకం చంకన పెట్టుకు తిరిగినవాణ్ణే గాని రచయితని కాను. అయినా ఒక మాట చాన్నాళ్ళుగా చెప్పాలని ఉంది. ఆంధ్రపత్రిక అనగానే మనవాళ్ళు మద్రాసు పేరెత్తుతారు. అక్కడ 1914 ఏప్రిల్ 1న అది దినపత్రిక అయింది, నిజమే. అంతకు ముందు ఐదేళ్ళకు పైగా వారపత్రికగా వెలువడింది మన బొంబాయి నుంచే.

ఎలకుర్రు నుంచి వచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో ఇక్కడ అమృతాంజనం అనే తలనొప్పి మందు మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. 1907 సూరత్ కాంగ్రెస్‌కు వెళ్ళొచ్చాక తెలుగువాళ్ళకూ ఒక పత్రిక ఉండాలన్న పట్టుదల కలిగిందట. 1908 సెప్టెంబరులో వారపత్రిక వచ్చేసింది. ఎలాంటి రోజులో చూడండి. ఆ జూలైలోనే కేసరిలో రాతలకు తిలక్ గారికి ఆరేళ్ళ ప్రవాస శిక్ష పడింది, ఇక్కడి మిల్లు కార్మికులు ఆరు రోజులు సమ్మె చేశారు. వ్యాపారం చక్కగా నడుస్తున్న మనిషి ఆ ఏడాదే పత్రిక పెట్టడం తెగింపు కాక మరేమిటి? మరాఠీ, గుజరాతీ అచ్చుల ఊళ్ళో తెలుగు అక్షరాలు పేర్చేవాళ్ళని కూడగట్టాలి. అచ్చయిన కాగితాన్ని తెలుగుదేశానికి రైలెక్కించాలి. మా కోనసీమకైతే ఆ పైన గోదావరి రేవు కూడా దాటించాలి. ఈ ఖర్చంతా తలనొప్పి మందే మోసింది.

కృష్ణాపత్రిక 1902లోనే వచ్చిందని బందరు మిత్రులు గుర్తు చేస్తుంటారు. కాదనం. కానీ అది సొంతగడ్డ మీద పుట్టింది. మనది కామాఠీపురా పేటకు ఆ పేరు రావడానికి కారణమైన తెలంగాణ కూలీలు అప్పటికే ఉంటున్న పరాయి నగరంలో పుట్టింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి మాబోటివాళ్ళం వచ్చింది చాలా తర్వాత.

ఆపైన సంగతులు అందరికీ తెలిసినవే. 1924లో భారతి మాసపత్రిక, 1938లో పంతులుగారి మరణం, అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారి హయాం, 1991లో ఆంధ్రపత్రిక మూత.

మా సంఘం కమిటీ ఇప్పుడు ఆ పాత సంచికల సేకరణ తలకెత్తుకుంది. మీ అటక మీద ఆ బొంబాయి సంచిక ఒక్కటున్నా కార్యాలయానికి తెండి. స్కాన్ తీసుకుని భద్రంగా తిరిగి ఇచ్చేస్తాం.