పాలిష్ పట్టేది పైపొరకే

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఒంగోలు బ్యూటీ పార్లర్లలో ‘స్కిన్ పాలిషింగ్’ అడిగేవాళ్లు పెరుగుతారు. డాక్టర్లు మైక్రోడెర్మాబ్రేషన్ అనేది దీన్నే. పొదిలి రోడ్డులో చీమకుర్తి దాకా వెళ్లి గెలాక్సీ గ్రానైట్‌కి పాలిష్ పట్టడం చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. గట్టి రేణువులతో పైనున్న ఎగుడుదిగుళ్లను అరగదీస్తే వెలుగు చెదిరిపోకుండా ఒకే తీరున తిరిగొస్తుంది, మెరుపు వస్తుంది. కాకపోతే రాయి ఎంత అరగదీసినా పడి ఉంటుంది. చర్మం ఊరుకోదు.

అద్దంలో మనకు కనిపించేది చాలావరకు చచ్చిన కణాల పొరే. ముఖం మీద దాని మందం మిల్లీమీటరులో వందో వంతుకు అటూ ఇటూ. కొత్త కణాలు అడుగున పుట్టి, పైకి జరుగుతూ, నెలా నెలన్నరలో రాలిపోతాయి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేదీ ఆ అడుగునే. ఈ సంగతి గుర్తుంటే పాలిషింగ్ ఏం చేయగలదో, ఏం చేయలేదో సగం తెలిసినట్టే.

ఈ పద్ధతి 1985లో ఇటలీలో పుట్టింది. సన్నని గొట్టం చివర నుంచి అల్యూమినియం ఆక్సైడ్ రవ్వలు ముఖాన్ని తాకుతాయి. రాలిన మృతకణాలతో సహా ఆ రవ్వల్ని అదే గొట్టం వెనక్కి పీల్చేసుకుంటుంది. ఇప్పుడు చాలాచోట్ల రవ్వల బదులు వజ్రపు పొడి అద్దిన తలను వాడుతున్నారు. కంట్లో రవ్వ పడుతుందన్న భయం లేదు. మత్తు అక్కర్లేదు, అరగంటలో అయిపోతుంది, ఎరుపు కొన్ని గంటల్లో తగ్గుతుంది. అయితే ఎంత లోతుకు పోయేదీ మిషన్ కంటే చేసే మనిషి చేతిలోనే ఎక్కువ ఉంది. ఒకేచోట నాలుగైదుసార్లు తిప్పినా, గట్టిగా అదిమినా అరుగుడు పెరుగుతుంది.

ముఖం నునుపుదేలుతుంది, జీవం లేని కళ పోతుంది, బ్లాక్‌హెడ్స్ తగ్గుతాయి. ఆ మాత్రం నిజమే. మన పండగ తలంట్లలో సున్నిపిండి కూడా నూనెతో పాటు మృతకణాల్ని కొంత రాలుస్తుంది కదా. కొల్లాజెన్ పెరిగి ముడతలు పోతాయన్న ప్రచారానికి మాత్రం షరతులున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఫలితాల్లో, ముతక వజ్రపు తలతో గట్టిగా రుద్దినప్పుడు చర్మం లోపల కొల్లాజెన్ తయారీ కదిలింది. అంత గట్టి రుద్దుడు మన చర్మానికి ఎంతవరకు మంచిదన్నది వేరే లెక్క.

ఎందుకంటే చామనఛాయ చర్మం దెబ్బకు రంగుతో జవాబిస్తుంది. తెల్లవాళ్లకు ఎర్రబడి తగ్గిపోయే మంట, మనకు నెలల తరబడి నిలిచే నల్లమచ్చ కావచ్చు. రోళ్లు పగిలే ఎండల్లో పాలిషింగ్ చేయించుకుని, సన్‌స్క్రీన్ రాయకుండా బండి మీద తిరిగితే ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇక పాలిషింగ్ కోసం వచ్చేవాళ్లలో చాలామంది బాధ మంగు. మిరప చేలలో పగలంతా కాయ కోసే ఆడవాళ్ల నుంచి గడప దాటని గృహిణుల దాకా బుగ్గల మీద ఈ మచ్చలు కనిపిస్తాయి. ఎండ ఒక కారణం, గర్భం సమయంలో హార్మోన్లు, గర్భనిరోధక మాత్రలు మరికొన్ని. రంగు అడుగున ఉంటే పైపొర గీకి ఏం లాభం? మొటిమలు మిగిల్చిన లోతు గుంటలదీ అదే కథ. చీము మొటిమలున్నప్పుడు, పెదవి పక్కన నీటి పొక్కులున్నప్పుడు మిషన్ జోలికి పోకూడదు. ముఖం మీద చిన్న చిన్న పులిపిర్లుంటే, రుద్దిన దారి పొడవునా కొత్తవి మొలవొచ్చు.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది తెల్లబడతామని నెలల తరబడి రాసే స్టెరాయిడ్ క్రీములు. మొదటి వారాల్లో మెరుపు చూపించి, తర్వాత చర్మాన్ని పల్చబరుస్తాయి. సన్నటి రక్తనాళాలు బయటపడతాయి, మానేస్తే ముఖం భగ్గుమంటుంది. 2018లో కేంద్రం ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ నిబంధన బిగించింది, అయినా అడిగితే ఇచ్చే షాపులు లేకపోలేదు. అలా పల్చబడ్డ ముఖం మీద మిషన్ పెడితే అరగడానికి పైపొరే సరిగా ఉండదు. అందుకే సిట్టింగ్ మాట్లాడుకునేముందు, ఇంట్లో వాడుతున్న ట్యూబు ఏదో చర్మవ్యాధుల డాక్టరుకు తీసుకెళ్లి చూపించాలి.