దయ్యం సినిమాలో నవ్వెందుకొస్తుంది?

“అమ్మా, దయ్యం సినిమాకు వెళదామే!” అని పిల్లలు కొంగు పట్టుకుంటే మీరేమంటారు? “రాత్రి మీరు నిద్రపోరు, నన్ను పోనివ్వరు” అంటారు. తీరా హాల్లో కూచున్నాక పిల్లలకన్నా ముందు నవ్వేది మనమే! భయపడవలసిన చోట ఈ నవ్వెందుకో కాస్త ఆలోచిద్దాం.

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కే ఉంటారు. పైనుంచి దిగేటప్పుడు గుండె జల్లుమంటుంది, ఊపిరి బిగబడుతుంది. కిందికి రాగానే పకపకా నవ్వేస్తాం. ప్రమాదం లేదని తెలియగానే బిగుసుకున్న ఒళ్లు సడలుతుంది. ఆ సడలింపే నవ్వుగా బయటపడుతుంది. సినిమాలోనూ అంతే. తలుపు కిర్రుమంటుంది, దీపం ఆరిపోతుంది. చూస్తే వచ్చింది పిల్లి! అలా నవ్వించి, మనం ఏమరుపాటున ఉన్నప్పుడు నిజంగా భయపెడతారు.

ఇది మనకు కొత్త కాదండీ. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుణ్ణి హడలగొడుతుంటే, సావిత్రినీ రేలంగినీ చూసి నవ్వనివారెవరు? 2011లో వచ్చిన లారెన్స్ ‘కాంచన’లో అంత మగవాడూ రాత్రిపూట అమ్మ తోడు లేనిదే గడప దాటడు. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ బాగా ఆడాక తెలుగులో ఇలాంటివి వరసకట్టాయి. 2017 నాటి ‘ఆనందో బ్రహ్మ’లోనైతే మనుషుల్ని చూసి దయ్యాలే జడుసుకుంటాయి!

చిన్నపిల్లలుంటే సెకండ్ షోకు వద్దు, ఆబిడ్స్‌లో మాట్నీకి తీసుకెళ్లండి. హాలు బయట ఎండ, జనం, బస్సుల మోత చూస్తే సగం భయం పోతుంది. ఇంట్లో టీవీలో అలాంటి సీను వస్తే ఒకసారి శబ్దం ఆపి చూపించండి. భయపెట్టింది దయ్యం కాదు, వాయిద్యాలని వాళ్లకే తెలుస్తుంది.

అయితే ఒక్క మాట. నవ్వు ఎవరి మీదో చూసుకోవాలి. పిరికివాణ్ణి చూసి నవ్వితే ఫరవాలేదు. 2005లో వచ్చిన ‘చంద్రముఖి’లో గంగది దయ్యం కాదు, మనోవ్యాధి అని కనిపెట్టేది డాక్టరే. కానీ బయట? ఏ కోడలైనా తనలో తాను మాట్లాడుకుంటే, ఊరకే ఏడిస్తే, “దీనికేదో పట్టింది” అని భూతవైద్యుడి దగ్గరకు లాక్కెళ్లేవారు ఇంకా ఉన్నారు. వేపమండలతో కొడితే జబ్బు తగ్గదు, ముదురుతుంది. మీ ఎరుకలో అలాంటి అమ్మాయి ఉంటే నవ్వకండి, నవ్వనివ్వకండి. పక్కన కూచుని మాట్లాడండి, మానసిక వైద్యుడికి చూపించమని ఇంటివాళ్లకు చెప్పండి.

ఇక ఈ ఆదివారం పిల్లలడిగితే, సరేననండి!