ఒకే లెక్క, 51 మారులు



“రేపు వాన కురియుటకు నూటికి 60 పాళ్లు అవకాశము కలదు” అని వాతావరణ వార్తలలో వినుచున్నాము. కురియుననియో, కురియదనియో చెప్పక యీ పాళ్ల లెక్క యేల యని మీలో పలువురు నన్నడిగినారు. విత్తనము చేతబట్టుకొని మబ్బువైపు చూచు రైతునకు ఇది చిన్న ప్రశ్న కాదు.

గ్రహణమును పంచాంగకర్త ఒక్క గణనముతో నిశ్చయింపగలడు. వాన యట్టిది కాదు. నేటి గాలి, తేమ, వేడిమి అంకెలను గైకొని రేపటి స్థితిని లెక్కించు ఆజ్ఞల వరుసకు ప్రోగ్రామని పేరు. 1961లో అమెరికాయందు ఎడ్వర్డ్ లోరెంజ్ అను శాస్త్రజ్ఞుడు అట్టి లెక్క నొకదానిని నడుమనుండి మరల వేయింపగోరి, 0.506127 అను అంకెకు బదులు 0.506 నిచ్చెను. మొదట రెండు లెక్కలును కలిసియే నడచినవి. లెక్కలో రెండు నెలలు గడచుసరికి ఒకదానికొకటి పోలికయే లేదు. మన కొలతలలో అంతకన్న పెద్ద తేడాలే యుండును. కావున ఒక్కమారు వేసిన లెక్కను నమ్మరాదు.

అందుచే ఆరంభపుటంకెలను కొంచెము కొంచెముగా మార్చి, అదే ప్రోగ్రామును పలుమారులు నడుపుదురు. ఐరోపా వాతావరణ సూచన కేంద్రము 1992లో ఈ పద్ధతి నారంభించినది. తరువాత అచ్చట మార్పులేని లెక్క ఒకటి, మార్చినవి 50, మొత్తము 51 వేయుట యలవాటైనది. మన దేశమునను 2018లో 21 లెక్కల పద్ధతి ప్రవేశపెట్టబడెను.

ఈ పనిని మనుష్యుడు చేతితో చేసినచో అలసిపోవును. ఏ ఫలితము ఏ అంకెలదో తారుమారగును. అందులకే స్క్రిప్టు వ్రాయుదురు. అది కంప్యూటరున కిచ్చు చిన్న ఆజ్ఞాపత్రము. “పట్టికలో మొదటి వరుస యంకెలను తీసికొనుము. వానితో ప్రోగ్రామును నడుపుము. ఫలితమును ఆ వరుస సంఖ్యతోనే భద్రపరచుము. ప్రోగ్రాము నడుమ నాగినచో ఆ సంగతిని వేరుగా వ్రాయుము. పిదప రెండవ వరుసకు పొమ్ము. పట్టిక ముగియువరకు ఇట్లే చేయుము.” సారాంశ మింతియే. ఒక లెక్క మరియొకదానిపై నాధారపడదు గనుక, అనేక యంత్రములపై వాని నేకకాలమున నడుపవచ్చును.

స్క్రిప్టునకు అలుపు లేదు, వివేకమును లేదు. అందు తప్పు వ్రాసినచో ఆ తప్పునే 51 మారులు చేయును. కావున మొదట ఒకటి రెండు వరుసలతో పరీక్షించి, పిదపనే తక్కినవానికి పూనుకొందురు.

51 లెక్కలలో 31 వాన చూపెననుకొనుడు. అది నూటికి సుమారు 60 పాళ్లు. దీనిని పూర్వానుభవమునుబట్టి సవరించి ప్రకటింతురు. లెక్కలన్నియు ఏకీభవించినచో ధైర్యము హెచ్చు. చెదరినచో జాగ్రత్త హెచ్చవలెను. 60 పాళ్లు అని విన్నప్పుడు తక్కిన 40 పాళ్లను మరువక, విత్తనములో కొంత గాదెలో నిలిపి యుంచుట మేలని నా మనవి.