పనిముట్టునకు తగిన వివరణము



క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలితో అత్తగారు "పప్పులో తగినంత ఉప్పు వేయుము" అని చెప్పి గుడికి వెళ్లిరనుకొనుడు. ఆ "తగినంత" యెంతయో అత్తగారి చేతికి తెలియును గాని కోడలికి తెలియదు. అడుగుట కెవ్వరును లేనిచో ఆ పిల్ల తన యూహకొలది వేయును. పిమ్మట పప్పు కషాయమైనచో తప్పెవరిది?

నేడు కంప్యూటరులలో కృత్రిమ మేధతో పనిచేయు ఏజెంటుల స్థితియు నిట్టిదే. మనము మామూలు మాటలలో చెప్పిన పనిని గ్రహించి, తనకిచ్చిన సాఫ్టువేరు పనిముట్లలో దేనిని ఎప్పుడు వాడవలెనో తానే నిర్ణయించుకొని పని జరుపు ప్రోగ్రామును ఏజెంటు అందురు. పనిముట్టు లోపల నేమున్నదో సాధారణముగా దానికి కనబడదు. దానికి ముఖ్యముగా కనబడునవి మూడు: పనిముట్టు పేరు, దానిని గూర్చిన వివరణము, దానికి అందింపవలసిన వివరముల పట్టిక. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ వెలువరించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతియందును పనిముట్లను ఈ విధముగనే పరిచయము చేయుదురు. కావున మనము వ్రాసిన మాటయే ఏజెంటునకు కన్ను.

ఈ సంగతి నేను నష్టపడి నేర్చుకొంటిని. మా మహిళా సమాజమునకు చిన్న గ్రంథాలయము కలదు. సాఫ్టువేరు ఉద్యోగియగు మా మరిది పుస్తకముల లెక్కకై కొన్ని పనిముట్లు కూర్చి, "వదినగారూ, తెలుగు మీకు బాగుగా వచ్చును, వివరణములు మీరే వ్రాయుడు" అనెను. ఒకదానికి "తీసివేయు" అని పేరుపెట్టి, "జాబితానుండి పేరు తీసివేయును" అని ఒక్క వాక్యము వ్రాసి ఊరకుంటిని. ఏ జాబితాయో చెప్పనైతిని.

ఒకనాడు మా కార్యదర్శినిగారు, "పుస్తకములు తిరిగి యిచ్చినవారిని జాబితానుండి తీసివేయుము" అని ఏజెంటునకు చెప్పిరి. ఆమె తలచినది అరువు జాబితా. ఏజెంటు తీసివేసినది సభ్యుల జాబితానుండి. సకాలమున పుస్తకము తెచ్చి యిచ్చిన వారే సభ్యత్వము కోల్పోయిరి! మనుమరాలిచేత నెలకొక పురాణము చదివించుకొను ముసలమ్మగారొకరు మరునాడు వచ్చి, "నేనేమి తప్పు చేసితినమ్మా, నా పేరు కొట్టివేసితిరి?" అని యడుగగా నాకు తలయెత్తుటకు మొగము చెల్లలేదు. పాత కాగితపు పుస్తకము మిగిలియుండుటచే పేర్లన్నియు మరల చేర్చుకొంటిమి.

మా మరిది యంత్రమును నిందించెను. ఉపాధ్యాయులైన మావారు మాత్రము, "తరగతిలోని బాలురందరును ఒకే ప్రశ్నకు తప్పు వ్రాసినచో, ముందుగా ప్రశ్నను చూడవలెను" అనిరి. ఆ మాట నాకు గట్టిగా తగిలినది. ఆ రాత్రియే వివరణమును తిరుగ వ్రాసితిని:

"సభ్యత్వము రద్దుచేయు: గ్రంథాలయ సభ్యత్వమును పూర్తిగా రద్దుచేయును. సభ్యురాలు తానై కోరినప్పుడు మాత్రమే వాడవలెను. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు దీనిని వాడరాదు. అందులకు 'పుస్తకము జమచేయు' అనుదానిని వాడవలెను. సభ్యురాలి సంఖ్య నీయవలెను; ఒకే పేరుగలవారు పలువురుందురు గనుక పేరు చాలదు. రద్దైన పేరును ఈ పనిముట్లతో మరల చేర్చుటకు వీలులేదు."

ఇందు ఎప్పుడు వాడవలెనో చెప్పుట యెంత ముఖ్యమో, ఎప్పుడు వాడరాదో చెప్పుటయు నంత ముఖ్యము. కొలతలును తేదులును స్పష్టముగా నుండవలెను. 03-04-2025 అని వ్రాసిన మనకు ఏప్రిల్ 3. అమెరికావారికి మార్చి 4. 2025-04-03 అని సంవత్సరము, నెల, తేది వరుసగా వ్రాయవలెనని విధించినచో చిక్కులేదు. తప్పు జరిగినప్పుడు పనిముట్టు "పొరపాటు" అని మాత్రము పలుకక, "సంఖ్యకు నాలుగంకెలుండవలెను, మూడే యిచ్చితిరి" అని చెప్పినచో ఏజెంటు దిద్దుకొని మరల యత్నింపగలదు.

వ్రాత యొక్కటియే చాలునని యనుకొనరాదు. వెనుకకు మరల్చరాని పనికి మనిషి అనుమతి లేనిదే తలుపు తెరువకుండునట్లు పనిముట్టులోనే గడియ పెట్టవలెను. మా మరిది ఆ గడియను పెట్టెను.

ఈ బుద్ధి క్రొత్తది కాదు. 1971 నవంబరు 3వ తేది వేసి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ గార్లు కూర్చిన యునిక్స్ గ్రంథమున, ఆజ్ఞల వివరణములలో వాని లోపములను దెలుపుటకు ప్రత్యేక శీర్షికయే కలదు. తమ పనిముట్టు దోషమును తామే చెప్పుట యెంతటి నిజాయితీ!

మన యింటనే యింతకంటె ప్రాచీనమైన మార్గదర్శి కలడు. చిన్ననాడు మా నాయనగారి చెంత నేను రఘువంశమును మల్లినాథసూరి సంజీవనీ వ్యాఖ్యతో చదివితిని. మెదకు సీమలోని కొలచలమ ఆయన యింటిపేరైనది. ఆధారము లేనిదానిని వ్రాయకుండుట, అక్కరలేనిదానిని చెప్పకుండుట ఆయన నియమము. ఏజెంటు ఒక్కసారి దృష్టియందుంచుకొనగల మాటలకును మితి కలదు గనుక ఈ రెండవ భాగమును మరువరాదు. మాటల గుట్టలో ముఖ్యమైన మాట మరుగుపడును.

మీ యిండ్లలో తమ్ములో, మరదులో, కొమార్తెలో ఇట్టి పనిముట్లు కూర్చుచున్నచో, వారు వ్రాసిన వివరణమును మీరొకసారి చదువుడు. మన యింటి సంగతి యేమియు తెలియనివారు ఇది మాత్రమే చదివి పని చెడగొట్టకుండ చేయగలరా యని ప్రశ్నించుడు. "తగినంత" అను మాట యెచ్చట దాగియున్నదో గృహిణి కన్ను ఇట్టే పట్టగలదు.